తాళంచెవి పెట్టెలోనే ఉండిపోతే... (పాత కంప్యూటరుని వర్చువల్ మెషీనులోకి మార్చిన కథ)

చలికాలంలో ఒక ఆదివారం పొద్దున్నే ఓక్ ట్రీ రోడ్డు మీద కూరలు కొనుక్కుని ఇంటికొస్తుంటే, మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "అబ్బాయ్, నువ్వు చేసేది కంప్యూటర్ల పనే కదా, ఒకసారి వచ్చి మా డబ్బా చూసి పోతావా?" అని. మనలో ఎవరు ఏ పని చేసినా, పెద్దవాళ్ళ లెక్కలో అందరం కంప్యూటర్ల పనివాళ్ళమే. డేటాబేసు చూసేవాడైనా, ప్రాజెక్టు మేనేజరైనా, ప్రింటరు పని చెయ్యకపోతే పిలుపు మనకే వస్తుంది.

వెళ్ళి చూద్దును కదా, బేస్‌మెంటులో ఒక బల్ల మీద 2002లో విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటరు. విండోస్ ఎక్స్‌పీ, 40 గిగాబైట్ల డిస్కు. ఐసెలిన్, ఎడిసన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు వేసుకునే ఉగాది సంచికలని ఏడెనిమిదేళ్ళ పాటు ఆయనే ఆ కంప్యూటరు మీద పేజ్‌మేకరులో కూర్చారట. ప్రతి సంచికలోనూ ఆంటీ ఒక వ్యాసం రాసేవారు. కరివేపాకు మొక్కని న్యూజెర్సీ చలిలో బతికించడం, మొదట్లో ఇక్కడ పప్పులూ ఉప్పులూ ఎలా సంపాదించుకునేవాళ్ళు, ఇలాంటివి. ఆంటీ ఇప్పుడు లేరు. సంవత్సరీకం నాటికి ఆ వ్యాసాలన్నీ చిన్న పుస్తకంగా వేసి అందరికీ ఇవ్వాలని అంకుల్ కోరిక. అచ్చు ప్రతులేమో 2021లో ఐడా తుఫాను వానకి బేస్‌మెంటులోకి నీళ్ళొచ్చినప్పుడు అట్టపెట్టెలతో సహా తడిసి ముద్దయిపోయాయి. కంప్యూటరు బల్ల మీద ఉంది కాబట్టి బతికింది. బతికిందంటే డిస్కు బతికింది. మీట నొక్కితే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. పవర్ సప్లై పోయింది.

నేను ధీమాగా చెప్పాను, "డిస్కు ఊడదీసి ఫైళ్ళు కాపీ చేసి ఇస్తాను అంకుల్, ఒక గంట పని" అని. ఆ గంట మూడు వారాలైంది. అందులో నేను నేర్చుకున్నవీ, ఆఫీసులో పడ్డ పాట్లూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఇలాంటి కంప్యూటరు మీ ఇంట్లోనో, ఇండియాలో మీ నాన్నగారి గదిలోనో ఒకటి ఉండే ఉంటుంది.

ఫైళ్ళు కాపీ చేస్తే సరిపోదా?

ఫోటోలైతే సరిపోతుంది. అంకుల్ ఫైళ్ళకి సరిపోలేదు. అవి పేజ్‌మేకర్ 7 ఫైళ్ళు. పేజ్‌మేకరుని 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చింది, 1994లో అడోబీ ఆ కంపెనీని కొనేసింది, 2001లో వచ్చిన ఏడో వెర్షనే దాని ఆఖరి పెద్ద విడుదల. దాని తరవాత వచ్చిన ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 దాకానే ఆ ఫైళ్ళని తెరిచేది. ఇప్పటి ఇన్‌డిజైన్ తెరవదు.

రెండో చిక్కు అక్షరాలది. ఆ రోజుల్లో మన అచ్చు పనంతా అను ఫాంట్లతో నడిచేది. ఎక్స్‌పీతో పాటే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు వచ్చినా, అచ్చువాళ్ళు అను ఫాంట్లని వదల్లేదు. వీటిలో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటుంది. కంప్యూటరు దృష్టిలో ఫైల్లో ఉన్నది ఏవో ఇంగ్లీషు గుర్తులు, ఫాంటు తొడిగితేనే అది తెలుగుగా కనిపిస్తుంది. ఫాంటు లేకుండా తెరిస్తే పిచ్చిగీతలు. అంటే నాకు కావలసింది ఫైళ్ళొక్కటే కాదు. ఆ ఫాంటు, ఆ కీబోర్డు అమరిక, ఆ పేజ్‌మేకరు, ఎక్కడివక్కడ అమర్చి ఉన్న ఆ కంప్యూటరు మొత్తం కావాలి. పోయిన కంప్యూటరుని మొత్తంగా లేపాలంటే దారి వర్చువల్ మెషీను.

వర్చువల్ మెషీను గురించి తెలియనివారికి ఒక్క ముక్క. మీ కంప్యూటరు లోపల ఒక సాఫ్టువేరు ఇంకో కంప్యూటరుగా నటిస్తుంది. లోపలున్న విండోసుకి తను నిజమైన యంత్రం మీదే ఉన్నాననిపిస్తుంది. దాని హార్డు డిస్కు మాత్రం మన వైపునుంచి చూస్తే ఒక పెద్ద ఫైలు, అంతే.

డిస్కుని ఫైలుగా మార్చడం

పాత డిస్కుని యూఎస్‌బీ అడాప్టరుకి తగిలించి లినక్సు లాప్‌టాపుకి పెట్టాను. విండోసుకి పెట్టకండి. అది చూడగానే ఏదో ఒకటి రాయడం మొదలుపెడుతుంది, చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీద ఏమీ రాయకూడదు. నకలు తీయడానికి డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము వాడాను. మామూలు కాపీ ప్రోగ్రాములు పాడైన చోటు రాగానే అక్కడే కొట్టుకుంటూ కూర్చుంటాయి. ఇది ముందు బాగున్న భాగమంతా చకచకా లాగేసి, పాడైన చోట్లని ఒక చిట్టాలో రాసుకుని, తరవాత తీరిగ్గా వాటి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళుతుంది. ముప్పావుగంటలో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు వచ్చేసింది. మిగిలిన కాస్తకీ రాత్రంతా పట్టింది. తెల్లారేసరికి 24 సెక్టార్లు, అంటే 12 కిలోబైట్లు మాత్రం రాలేదు.

ఇలా వచ్చినదాన్ని రా ఇమేజ్ అంటారు, అంటే డిస్కులో ఉన్నది ఉన్నట్టు. దీన్ని ఒక పక్కన భద్రంగా పెట్టి, ఇక చేసే ప్రయోగాలన్నీ దాని నకలు మీదే చెయ్యాలి. నేను ఈ పని చెయ్యకుండా ఉండి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆగిపోయేది.

ఈ రా ఇమేజీని వర్చువల్ మెషీను సాఫ్టువేరుకి నచ్చే రూపంలోకి మార్చాలి. ఒక్కో కంపెనీది ఒక్కో రూపం. వీఎంవేర్‌ది వీఎండీకే. మైక్రోసాఫ్టుది మొదట వీహెచ్‌డీ, అది రెండు టెరాబైట్ల దగ్గర ఆగిపోతుంది కాబట్టి 2012 సర్వరుతో 64 టెరాబైట్ల దాకా పట్టే వీహెచ్‌డీఎక్స్ తెచ్చారు. వర్చువల్ బాక్స్‌ది వీడీఐ. లినక్సు ప్రపంచంలో క్యూఈఎంయూ వాళ్ళది క్యూకౌ2. ఆవకాయ ఒకటే, జాడీలు వేరు. ఒక జాడీలోంచి ఇంకో జాడీలోకి వంచే గరిటె క్యూఈఎంయూతో పాటు ఉచితంగా వచ్చే క్యూఈఎంయూ-ఐఎంజీ అనే చిన్న ప్రోగ్రాము. పైన చెప్పిన రూపాలన్నీ దానికి తెలుసు. మార్చాక రెండూ ఒకటేనా అని పోల్చి చూసే సదుపాయం కూడా అందులోనే ఉంది, దాన్ని తప్పక వాడండి.

ఇక్కడొక ఆశ్చర్యం. అంకుల్ డిస్కులో వాడిన చోటు 11 గిగాబైట్లే. మార్చిన ఫైలు 23 వచ్చింది. ఈ రూపాలు ఖాళీ చోటుని వదిలేస్తాయి, నిజమే, కానీ ఖాళీ అంటే వాటి లెక్కలో సున్నాలే. ఎప్పుడో చెరిపేసిన ఫైళ్ళు డిస్కు మీద ఇంకా అలాగే పడి ఉంటాయి, అవి ఖాళీ కిందికి రావు. మార్చేముందు ఖాళీ చోటుని సున్నాలతో నింపితే ఫైలు చిక్కిపోతుంది. నాకు ఆ పన్నెండు గిగాబైట్లూ పెద్ద లెక్క కాదు, వదిలేశాను.

నీలి తెర

రూపం మార్చడంతో పని అయిపోయిందనుకుని వర్చువల్ బాక్సులో కొత్త మెషీను చేసి, ఆ డిస్కు తగిలించి, మీట నొక్కాను. ఎక్స్‌పీ బొమ్మ వచ్చింది. "అయిపోయింది" అని మా ఆవిడతో అంటూండగానే నీలి తెర. స్టాప్ 7బి, ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్. అంటే, "నేను ఏ డిస్కు మీదనుంచి లేచానో ఆ డిస్కే నాకు కనపడటం లేదు" అని విండోసు మొర.

డిస్కు ఉంది, అందులో ఒక్క అక్షరం పోలేదు. మరి కనపడకపోవడమేమిటి? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

విండోసు నేరుగా డిస్కుతో మాట్లాడదు. మధ్యలో కంట్రోలరు అనే చిప్పు ఉంటుంది, ఆ చిప్పు భాష తెలిసిన డ్రైవరు కావాలి. బూట్ అయ్యేటప్పుడు మొదటి కొన్ని క్షణాలు బయాస్ సాయం చేస్తుంది. విండోసు లోడరు బయాస్ ద్వారానే కెర్నెలునీ, "మొదట్లోనే కావాలి" అని గుర్తు పెట్టి ఉన్న డ్రైవర్లనీ మెమరీలోకి తెచ్చుకుంటుంది. ఆ తరవాత బయాస్ చెయ్యి వదిలేస్తుంది. ఇక విండోసు తన డ్రైవర్లతోనే డిస్కుని చదవాలి. ఆ తెచ్చుకున్నవాటిలో కొత్త కంట్రోలరుకి తగిన డ్రైవరు లేకపోతే? డ్రైవరు డిస్కులోనే ఉండొచ్చు, కానీ డిస్కు చదవాలంటే ఆ డ్రైవరే కావాలి. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టు.

నేను చేసిన మొదటి తప్పు తేలిగ్గానే దొరికింది. మెషీను చేసేటప్పుడు సాటా కంట్రోలరు పెట్టాను. ఎక్స్‌పీ పుట్టినప్పుడు సాటా ఏహెచ్‌సీఐ లేదు, దాని డ్రైవరు ఎక్స్‌పీలో ఉండదు. సరే, ఐడీఈకి మార్చాను. మళ్ళీ అదే నీలి తెర! పాతది ఐడీఈ, కొత్తది ఐడీఈ, ఇంకా గొడవేమిటని ఆ రాత్రి చాలాసేపు తల గోక్కున్నాను.

తేడా చిప్పులో ఉంది. అంకుల్ మదర్‌బోర్డు మీదున్నది వయా కంపెనీ చిప్పు. వర్చువల్ బాక్సు నటించేది ఇంటెల్ వారి పిక్స్4 చిప్పుగా. ఎక్స్‌పీ తన రిజిస్ట్రీలో క్రిటికల్ డివైస్ డేటాబేస్ అని ఒక పట్టీ పెట్టుకుంటుంది. ఫలానా చిప్పు కనపడితే ఫలానా డ్రైవరు వాడు, అని. అందులో లేని చిప్పు బూట్ సమయంలో దానికి పరాయిదే, రెండూ ఐడీఈ అయినా సరే. ఇంటెల్ డ్రైవరు ఫైలు కూడా డ్రైవర్ల ఫోల్డరులో లేదు, విండోసు ఒక మూల దాచుకునే డ్రైవర్ క్యాబ్ అనే మూటలో ఉంది.

ఈ చిక్కుకి మందు మైక్రోసాఫ్టే చాలాకాలం క్రితం 314082 నంబరు వ్యాసంలో చెప్పింది. పాత కంప్యూటరు బతికుండగానే అయితే రెండు నిమిషాల పని. ఆ పట్టీలో ప్రామాణిక ఐడీఈ చిప్పుల పేర్లన్నీ చేర్చే చిన్న రిజిస్ట్రీ ఫైలు ఒకటి రెండుసార్లు నొక్కి, నాలుగు డ్రైవరు ఫైళ్ళు మూటలోంచి తీసి పెడితే చాలు. తరవాత ఆ డిస్కుని ఏ ఐడీఈకి తగిలించినా లేస్తుంది. మీ దగ్గర ఇలాంటి పాత కంప్యూటరు ఇంకా లేస్తూ ఉంటే, దయచేసి అది లేస్తున్నప్పుడే ఈ పని చేసి పెట్టండి.

అంకుల్ కంప్యూటరు లేవదు కాబట్టి నేను బయటినుంచి చెయ్యాల్సొచ్చింది. నకలు డిస్కుని ఇంకో విండోసు వర్చువల్ మెషీనుకి రెండో డిస్కుగా తగిలించాను. అక్కడ రిజిస్ట్రీ ఎడిటరులో లోడ్ హైవ్ అని ఒక మీట ఉంటుంది. దానితో పాత డిస్కులో సిస్టమ్32 కింద కాన్ఫిగ్ ఫోల్డరులో సిస్టమ్ అనే ఫైలుని తెరిచాను. నడుస్తున్న విండోసులో కనిపించే కరెంట్ కంట్రోల్ సెట్ ఇక్కడ కనపడదు, 001, 002 అని ఉంటాయి. ఏది అసలుదో సెలెక్ట్ అనే చోట రాసి ఉంటుంది, చూసుకోకుండా దిద్దితే శ్రమ వృథా. పట్టీలో పేర్లు చేర్చి, ఇంటెల్ ఐడీఈ, పీసీఐ ఐడీఈ, అటాపీ డ్రైవర్ల స్టార్ట్ విలువని సున్నా చేశాను. సున్నా అంటే బూట్ మొదట్లోనే తీసుకురా అని, 3 అంటే అడిగితేనే, 4 అంటే వద్దేవద్దు. ఫైళ్ళు కూడా పెట్టి, హైవ్ వదిలేసి, డిస్కు తిరిగి తగిలించి మీట నొక్కాను.

పచ్చని కొండ, నీలాకాశం. బీటెక్ రోజుల్లో హాస్టలు గదిలో రోజూ చూసిన బొమ్మే, అంత బాగుంటుందని అప్పుడు అనిపించలేదు.

నెట్‌వర్కు మాత్రం తగిలించలేదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది, దాన్ని ఇంటర్నెట్టులో వదలడమంటే తలుపు తీసి పెట్టి ఊరెళ్ళడమే. లైసెన్సు సంగతి కూడా గుర్తుంచుకోండి. హార్డువేరు ఇంతగా మారితే ఎక్స్‌పీ మళ్ళీ యాక్టివేషన్ అడుగుతుంది. కంప్యూటరుతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సయితే అది ఆ కంప్యూటరుకే కట్టుబడి ఉంటుంది. అంకుల్ అప్పట్లో విడిగా పెట్టె కొనుక్కున్నారు కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు.

ఆఫీసు సంగతి

ఇదంతా పాతసామాను గొడవ అనుకోకండి. 2023 నవంబరులో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొన్నాక, ఒకసారి కొనుక్కునే లైసెన్సులు ఆపేసి చందా పద్ధతి పెట్టారు. ఖర్చు చూసుకుని ఎన్నో కంపెనీలు తమ మెషీన్లని హైపర్-వీకో, కేవీఎమ్ మీద నడిచే ప్రాక్స్‌మాక్స్ లాంటివాటికో తరలించడం మొదలుపెట్టాయి. మీలో చాలామంది ఇప్పుడు ఆ పని మీదే ఉండి ఉంటారు. నేనూ ఉన్నాను. అంకుల్ ఇంటికి వెళ్ళడానికి కొన్ని నెలల ముందు, ఒక శుక్రవారం రాత్రి ఒక విండోసు సర్వరు డిస్కుని వీఎండీకే నుంచి క్యూకౌ2కి మార్చి, వేగంగా ఉంటుందని నేరుగా వర్టియో కంట్రోలరుకి తగిలించాను. అదే నీలి తెర. తెల్లవారుజామున రెండింటికి పాతదాన్నే లేపి పడుకున్నాను.

దీనికి చాలా సులువైన దారి ఉంది. ముందు డిస్కుని విండోసుకి తెలిసిన ఐడీఈకో సాటాకో తగిలించి లేపండి. దానితో పాటు ఒక గిగాబైటు ఉత్తుత్తి డిస్కు చేసి, దాన్ని వర్టియో కంట్రోలరుకి తగిలించండి. ఆ కొత్త కంట్రోలరు చూసి విండోసు డ్రైవరు అడుగుతుంది, వర్టియో-విన్ సీడీ ఇమేజీలోంచి ఇవ్వండి. ఉత్తుత్తి డిస్కు కనిపించిందంటే డ్రైవరు కుదురుకున్నట్టే. మెషీను ఆపి, ఉత్తుత్తి డిస్కు తీసేసి, అసలు డిస్కుని ఆ కంట్రోలరుకి మార్చండి. పాత ఇంట్లో ఉండగానే కొత్త ఇంటి తాళంచెవి చేతిలో పెట్టడమన్నమాట. ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారేటప్పుడైతే, విండోస్ 8 నుంచి ఇటువైపు ఇంకో ఉపాయం పనిచేస్తుంది. బీసీడీఎడిట్‌తో తరవాతి బూట్ సేఫ్ మోడులో జరిగేలా పెట్టి, కంట్రోలరు మార్చి, ఒకసారి సేఫ్ మోడులో లేపి, ఆ అమరిక తీసేస్తే మామూలుగా లేస్తుంది.

లినక్సు మెషీన్లలో గొడవ ఇదే, పేరు వేరు. రెడ్ హ్యాట్ తరహా లినక్సుల్లో బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే మూటలో అప్పటికి ఆ మెషీనుకి కావలసిన డ్రైవర్లే ఉంటాయి. తరలించేముందే డ్రాకట్‌తో వర్టియో డ్రైవర్లు కలిపి ఆ మూట మళ్ళీ కట్టాలి. ఎఫ్‌స్టాబ్‌లో డిస్కుల పేర్లు ఎస్‌డీఏ అని రాసి ఉంటే, వర్టియో బ్లాక్ కింద అది వీడీఏ అయిపోతుంది. పేరు బదులు యూయూఐడీ రాసి ఉంటే బెంగ లేదు.

ఇంకో రెండు మూడు చోట్ల కాలు జారుతుంది. స్నాప్‌షాట్లున్న మెషీనులో మొదటి వీఎండీకే ఒక్కటే మారిస్తే ఏ ఏడాది క్రితం సర్వరో లేచి కూర్చుంటుంది. ముందు స్నాప్‌షాట్లన్నీ కలిపేసి తరవాత మార్చండి. పాత మెషీను బయాస్‌తో లేస్తుంటే కొత్తదీ బయాసే, యూఈఎఫ్‌ఐ అయితే యూఈఎఫ్‌ఐయే ఉండాలి. హైపర్-వీలో మొదటి తరం మెషీను ఐడీఈ మీదనుంచే లేస్తుంది, రెండో తరం స్కజీ మీదనుంచి. బిట్‌లాకరు ఉంటే ముందే సస్పెండ్ చేసి, రికవరీ కీ బయట రాసి పెట్టుకోండి.

మళ్ళీ అంకుల్ ఇంటికి

చదవలేకపోయిన ఆ 24 సెక్టార్లలో 22 విండోసు తాత్కాలికంగా వాడుకునే పేజ్‌ఫైల్‌లో పడ్డాయి, దానితో మనకి పని లేదు. మిగతా రెండూ 2006 సంచికలో ఒక ఫోటోలో పడ్డాయి. పిక్నిక్ ఫోటో, కింది సగం బూడిదరంగు అయిపోయింది. అందులో ఆంటీ పై వరసలో నిలబడి ఉన్నారు కాబట్టి కనిపిస్తున్నారు.

లాప్‌టాపు పట్టుకెళ్ళి అంకుల్ ముందు పెట్టాను. ఎక్స్‌పీలో పేజ్‌మేకరు, అందులో 2004 సంచిక. పేజీలన్నీ డిస్టిల్లరుతో పీడీఎఫ్ చేశాననీ, ఆంటీ వ్యాసాలని యూనికోడులోకి మార్చడం మొదలుపెట్టాననీ, ఒత్తులు అక్కడక్కడ చెదిరాయి కాబట్టి ప్రూఫు దిద్దాలనీ చెబుతున్నాను. ఆయన వినడం లేదు. కళ్ళజోడు సరిచేసుకుని ఆంటీ వ్యాసంలో మూడో పేరా దగ్గర ఆగిపోయారు.

"ఇక్కడ 'ఊరగాయ' బదులు 'ఉరగాయ' అని పడింది చూశావా? అచ్చయ్యాక చూసుకుంది. నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు."

లాప్‌టాపుని తన వైపుకి లాక్కున్నారు. అను కీబోర్డు అమరిక నాకు ఒక్క అక్షరం కూడా తెలియదు. ఆయన మీటల వైపు చూడకుండానే 'ఉ' తీసి 'ఊ' కొట్టి, సేవ్ చేశారు. నేను వెంటనే ఆ డిస్కు ఫైలుకి ఇంకో నకలు తీసి పెట్టాను.